మంచు బెండుపువ్వులు

డ్రమ్ములో నీళ్ళ మీద కట్టిన గడ్డను ఇస్తారి తాపీ పిడితో రెండు దెబ్బలు కొట్టాడు. పగల్లేదు. మూడో దెబ్బకు సన్నగా నెర్రె పారింది, నాలుగో దెబ్బకు చిప్పలు చిప్పలుగా విడిపోయి నీళ్ళలో తేలింది. చెయ్యి ముంచి ఒక్కో చిప్పా తీసి పక్కకు విసిరేస్తుంటే వేళ్ళు తనవిలా లేవు, ఎవరివో అడిగి తెచ్చి తగిలించుకున్నట్టున్నాయి. నోటి దగ్గర పెట్టుకుని ఊదుకున్నాడు. తెల్లటి ఆవిరి వచ్చి, తూర్పు కొండ అంచున అప్పుడే పలచబడుతున్న మసకలో కలిసిపోయింది.

ఇది అతను రోజూ చేసే పనే. సైట్లో అందరికంటే ముందు లేచేది నీళ్ళమనిషి. మేస్త్రీలు వచ్చేసరికి డ్రమ్ములు నిండాలి, తాపీలు కడుక్కునే బక్కెట్లు నిండాలి, టీ గిన్నె నిండాలి. ఊరి రాతికాలువ నుంచి రబ్బరు పైపు వేసి ఇవన్నీ నింపి, ఆ పైపునే నిచ్చెన మీదుగా కప్పు పైకి లాక్కెళ్ళి కొత్త సిమెంటుకు నీళ్ళు పెట్టాలి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, పొద్దుగూకే ముందు ఒకసారి. అంతే అతని డ్యూటీ. హాజరు పుస్తకంలో అతని పేరు చివర ఉంటుంది, పని పేరు రాసే చోట 'నీళ్ళు' అని ఒక్క మాట ఉంటుంది.

ఎవరికీ గుర్తుండే మొహం కాదు ఇస్తారిది. నలభై తొమ్మిదేళ్ళు. పొట్టి మనిషి, బుగ్గలు లోపలికి పోయి, ఎడమ కనుబొమ మీద చిన్నప్పుడు పొట్టేలు పొడిచిన మచ్చ. మాట తక్కువ. నలుగురు కూర్చున్నచోట ఐదోవాడు ఉన్నాడో లేడో అనిపించే రకం. అతన్ని చూసి కాదు గానీ, అతని గొంగడి చూసి మాత్రం ఎవరైనా ఆగేవాళ్ళు. నల్లటి ఉన్ని గొంగడి, రెండంచులా తెల్లటి గీత, చింతగింజల గంజి పెట్టి గరుకుగా, నిలబెడితే నిలబడేట్టుండేది. అతని భార్య లస్మవ్వ వడికిన ఉన్ని అది. కరీంనగర్ పక్క ఊరినుంచి బొంబాయికి, బొంబాయినుంచి ఓడలో మస్కట్‌కి, అక్కణ్ణుంచి సముద్రం ఒడ్డున సహంకి, రెండేళ్ళు అక్కడ మడతపెట్టి తలకింద పెట్టుకున్నాడు తప్ప ఒక్కరోజూ కప్పుకునే అవసరం రాలేదు. సహంలో ఎండకు రేకులు ముట్టుకుంటే చెయ్యి బొబ్బలెక్కేది. "గొర్రెను ఎంటబెట్టుకొని అచ్చినవ్ గదనే అన్నా! రూమంత గదే వాసన" అని లచ్చన్న ఎగతాళి చేసేవాడు. లచ్చన్నదీ అటు పక్కే, సిరిసిల్ల దగ్గర. తాపీ మేస్త్రీ.

అట్లాంటిది, డెబ్బై ఆరులో కంపెనీ వాళ్ళందరినీ చిన్న విమానంలో ఎక్కించి ఈ కొండమీద దించింది. జబల్ అంటారు దీన్ని. కింద ఎండ మండిపోతుంటే పైన ఇదొక వేరే దేశం: మెట్లు మెట్లుగా పొలాలు, దానిమ్మ చెట్లు, రాయి మీద రాయి పేర్చిన ఇళ్ళు. రోడ్డు లేదు. సిమెంటు విమానంలో రావాలి, ఇసుక గాడిదల మీద రావాలి. కట్టేది రెండు గదుల దవాఖాన. మొదటి గదికి కప్పు పడి పదిహేను రోజులు. రెండో గదికి ఇవాళ పడుతుంది.

ఆ మొదటి కప్పే ఇస్తారి మెడకు చుట్టుకుంది.

వేసిన నాలుగు రోజులకు దాని పైచర్మం పొక్కులు లేచింది. చెప్పు రాస్తే పుండు మీద పక్కులా ఊడొచ్చింది. ఇంజనీరు విమానం దిగి చూసి, సిమెంటు మంచిదే, ఇసుక మంచిదే, నీళ్ళు సరిగ్గా పెట్టలేదు అన్నాడు. ఆయనదీ ఎండల ఊరే, ఎండల ఊళ్ళో స్లాబు పాడైతే మొదట పట్టుకునేది నీళ్ళవాణ్ణే. రెండో కప్పు కూడా ఇట్లాగే అయితే నీళ్ళవాణ్ణి కిందికి పంపెయ్యండి, అక్కణ్ణుంచి ఇంటికి, అని ఫోర్‌మెన్ ముర్తుజాకి చెప్పి వెళ్ళాడు. కాగితం మీద కూడా రాసి ఇచ్చాడు: రోజుకు మూడుసార్లు, పొద్దుగూకే ముందు తప్పకుండా.

ఇంటికి పంపిస్తారన్న భయం ఒక ఎత్తు. నీళ్ళు పెట్టలేదన్న మాట ఇంకో ఎత్తు. ఆ రెండోదే ఇస్తారిని ఎక్కువ కోసింది. కరువుకు గొర్రెలు పోకముందు నుంచే, గొర్రెలు మేపని కాలంలో పోచంపాడు కాలువ పనికి వెళ్ళేవాడు. అక్కడ ముసలి మేస్త్రీ భూమయ్య అతనికి కుండ చేతికిచ్చి చెప్పింది ఇప్పటికీ చెవుల్లో ఉంది: "కొత్త సిమెంటు పసిగుడ్డసొంటిదిరా. నోరు తెరిచి అడగది. అడగకముందే తాపాలె." అప్పట్నుంచీ తాపుతూనే ఉన్నాడు. మైళ్ళ పొడుగు కాలువ గట్లకు తాపాడు. సహంలో రోజుకు ఐదుసార్లు తాపాడు. అరచెయ్యి తిప్పి వెనకవైపు ఆనిస్తే చాలు, స్లాబు దప్పిగొందో లేదో అతనికి తెలిసిపోతుంది. ఒక్కటంటే ఒక్కటి పగల్లేదు. మొదటి కప్పుకైతే కొత్తచోటన్న భయంకొద్దీ ఇంకా ఎక్కువే పోశాడు, పొద్దుగూకాక కూడా ఒక వరస పోశాడు.

బక్కెట్లు నింపి, పైపు కట్టెయ్యడానికి గోడ వెనక్కి వెళ్ళాడు. అక్కడ కప్పు మీది నీళ్ళు చూరునుంచి కారి కారి నేల ఎప్పుడూ చిత్తడిగా ఉంటుంది. ఆ చిత్తడిలో పేరు తెలియని పిచ్చిమొక్కలు మోకాలెత్తు పెరిగి, చలికి ఎండిపోయి, ఉత్త కాడలు మిగిలి ఉన్నాయి.

వాటికి పువ్వులు పూశాయి.

ఇస్తారి ఆగిపోయాడు. నిన్న లేవు. ఎండిన కాడకు పువ్వేంటి? వంగి చూశాడు. తెల్లగా, పలచగా, ఉల్లిపొరకంటే పలచగా, ఒకదాని మీద ఒకటి చుట్టుకున్న రేకులు. ఒక్కో కాడ మొదట్లో ఒక్కోటి, పిడికిలంత. కొన్ని రిబ్బను చుట్టినట్టు, కొన్ని పత్తికాయ పగిలినట్టు. వేలు దగ్గరికి తీసుకెళ్ళాడు, ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఏమవుతుందో తెలిసినట్టే ఆగాడు.

అతనికి లస్మవ్వ బాసింగం గుర్తొచ్చింది. జీలుగు బెండును రేకులు రేకులుగా కోసి చేసిన పూలు ఉండేవి దానికి, అచ్చం ఇట్లాగే తేలిగ్గా, ఇట్లాగే ముట్టుకోబుద్ధి కాకుండా. పెళ్ళయ్యాక దాన్ని ఇంటి దూలానికి కట్టారు. పొగచూరి పసుపుపచ్చగా అయి, ఒక్కో పువ్వూ రాలి, ఇప్పుడు ఉత్త దారం మిగిలి ఉంటుంది. అంత తెల్లగా అది ఒక్కరోజే ఉంది.

చివరికి ఒక పువ్వును ముట్టుకున్నాడు. చప్పుడు లేకుండా విరిగింది, వేలి మీద నీళ్ళచుక్క అయింది. మంచు. కాడను ఒడిసిపట్టి చూశాడు. తులసి కాడలా నాలుగు పలకల కాడ, పై నుంచి కిందికి నిలువునా చీలి ఉంది. ఆ చీలిక పొడుగునా మంచురేకు లోపలినుంచి బయటికి వచ్చి ఉంది. బయటి మంచు వచ్చి వాలింది కాదు. లోపల తాగిన నీళ్ళే గడ్డకట్టి, చోటు చాలక, కాడను చీల్చుకుని వచ్చాయి.

నాలుగడుగులు అవతల, పొడినేల మీద కూడా అవే మొక్కలు. వాటికి ఒక్క పువ్వూ లేదు. కాడలు నిండుగా, చీలకుండా ఉన్నాయి.

ఇస్తారి చాలాసేపు అటూ ఇటూ చూశాడు. తడి దగ్గర పువ్వులు. పొడి దగ్గర లేవు. నిచ్చెన ఎక్కాడు, మొదటి కప్పు మీదికి. నిన్న సాయంత్రం పోసిన నీళ్ళు మిలమిలా గడ్డకట్టి ఉన్నాయి. ఒక పొక్కు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, తాపీ మొనతో పక్కును మెల్లగా లేపాడు. కింద సన్నటి తెల్లటి నూలుపోగుల్లాంటి మంచు, పోగు పక్కన పోగు నిటారుగా నిలబడి, సిమెంటు చర్మాన్ని నెత్తిమీద ఎత్తుకుని ఉంది.

కాడలో ఉన్నదే ఇక్కడా ఉంది.

"అయ్యో," అన్నాడు పైకే, "నేనే పోస్తి."

తాపీ చేతపట్టుకునే నిచ్చెన దిగి మళ్ళీ గోడ వెనక్కి ఉరికాడు. ఒక కాడను మొదలంటా కోసి, పువ్వు చెదరకుండా చల్లటి తాపీ ఇనుము మీద పెట్టుకుని, రెండు చేతులా పట్టుకుని, గుళ్ళో హారతి పళ్ళెం మోసినట్టు రూమ్ దాకా నడిచాడు. లోపల ముర్తుజా స్టవ్ ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. హైదరాబాదు యాకుత్‌పురా మనిషి. మెడకు రెండు మఫ్లర్లు. లచ్చన్న పక్కన బీడీ వెలిగించుకుంటున్నాడు.

"ముర్తుజా భాయ్, జర బయటికి రా. ఒకటి సూపెట్టాలె."

"అరే మియా, ముందు తలుపు మూయ్! చలికి పానం పోతుంది. లోపలికొచ్చి చూపెట్టు."

"లోపలికొస్తె కరుగుతది భాయ్."

"కరిగేది తెస్తావెందుకయ్యా? వెన్ననా, నెయ్యా?"

లచ్చన్న పకపకా నవ్వాడు. "గొర్రెపాలు పిండుకొచ్చినట్టుండు. రావే అన్నా, చాయ్‌ల పోసుకుందం."

గాలి లోపలికి కొడుతోంది, ముర్తుజా విసుక్కుంటున్నాడు. ఇస్తారి ఒక అడుగు లోపలికి వేశాడు. ఒక్క అడుగే. స్టవ్ వేడి మొహానికి తగిలింది. కళ్ళముందే రేకులు ముడుచుకుని, మెరిసి, తాపీ మీద ఇన్ని నీళ్ళయ్యాయి. మధ్యలో ఎండు పుల్ల మిగిలింది.

"ఇదా?" అన్నాడు ముర్తుజా. "పొద్దుపొద్దున్నే తాపీ మీద కట్టెపుల్ల తెచ్చి నీళ్ళు చూపిస్తున్నావా నాకు?"

"ఇందాక పువ్వుండె భాయ్. మంచు పువ్వు. తాగిన నీళ్ళు లోపల్నే గడ్డగట్టి కాడను చీల్చినయి. సూడు, నిలువునా ఎట్ల చీలిందో. మన స్లాబు గూడ గంతే. నీళ్ళు తక్కువై పాడుగాలె. నేను పొద్దుగూకినంక పోసిన నీళ్ళకే పాడైంది. ఇయ్యాలటి దానికి రాత్రి నీళ్ళు వద్దు. పొడిగ కప్పి పెడుదం."

ముర్తుజా పుల్లను తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చాడు. వెక్కిరించలేదు. అదే ఇస్తారికి ఇంకా కష్టమైంది.

"మియా, ఇన్నేళ్ళు నీళ్ళు కొట్టినోడివి. నువ్వే నీళ్ళొద్దంటే, ఇంక నువ్వెందుకు ఇక్కడ? నీ నౌకరీయే నీళ్ళది గదా. కాగజ్ మీద రాసిపెట్టి పోయిండు ఆయన, షామ్‌కు తప్పక పొయ్యాలని. నేనేం చెప్పాలె ఆయనకు, పుల్లలో పువ్వు పూసిందనా?"

"పైకొచ్చి సూడు. పొక్కు కింద గూడ ఉన్నది."

"చాయ్ తాగి వస్తా, పో."

చాయ్ తాగి వచ్చేసరికి ఎండ కొండమీదికి ఎక్కింది. ఆ ఎండలో వేడి ఎంతో లేదు గానీ మంచుకు చాలినంత ఉంది. ముర్తుజా నిచ్చెన ఎక్కి, పొక్కు ఎత్తి చూస్తే కింద చెమ్మ తప్ప ఏమీ లేదు. గోడ వెనక ఎండుకాడలు, ఏమీ జరగనట్టు నిలబడి ఉన్నాయి. ముర్తుజా ఇస్తారి భుజం మీద చెయ్యి వేసి, "నక్కో మియా, తక్లీఫ్ పడకు. సరిగ్గా నీళ్ళు పెట్టు, అంతే," అని కిందికి దిగిపోయాడు.

ఇక పని మొదలైంది. రేకు మీద ఇసుక, సిమెంటు, కంకర తిరగేసి తిరగేసి కలపడం, మధ్యలో గుంట చేసి ఇస్తారి కొలిచి నీళ్ళు పొయ్యడం, తట్టలు చేతినుంచి చేతికి నిచ్చెన పొడుగునా పైకి వెళ్ళడం, పైన లచ్చన్న గుంజి సమం చెయ్యడం. మాటల్లేవు. తట్టల చప్పుడు, ఇనుము గరగర, ఎవడో ఒకడి దగ్గు. ఇస్తారి ఇవాళ నీళ్ళు కొలవడంలో చెయ్యి వెనక్కి లాగాడు. ప్రతి కలపడానికీ అర బక్కెట్టు తక్కువ. లచ్చన్న పైనుంచి అరిచాడు: "ఏందే అన్నా, గట్టిగున్నది! చేతులు ఊడుతున్నయిక్కడ!"

"గంతే పోస్త. గుంజు," అన్నాడు ఇస్తారి.

మధ్యాహ్నం అన్నాల వేళకు అబ్దుల్ గాడిదలతో చివరి ఇసుక తెచ్చాడు. ఆయన ఈ ఊరి ముసలాయన. నెరిసిన గడ్డం, చేతిలో వెదురుబెత్తంలాంటి సన్న కర్ర. అసలు పేరు ఏదో పొడుగ్గా ఉంది, సైట్లో అందరూ అబ్దుల్ అనేవాళ్ళు. ఆయనకూ ఇస్తారికీ మధ్య పది పన్నెండు మాటల అరబ్బీ, మిగతాదంతా చేతులు. ఇస్తారి జేబులోంచి చీలిన కాడ తీసి చూపించాడు. ముసలాయన చూసి తలూపాడు. కొత్తేమీ కాదన్నట్టు. తన పొలం వైపు కర్ర చాపాడు: మెట్ల పొలానికి నీళ్ళు వెళ్ళే మడవకు రాయి, రాయికి గుడ్డపీలిక, మూసి ఉంది. లేత వెల్లుల్లి మడిమీద ఎండుగడ్డి పరిచి ఉంది. సూర్యుడి వైపు వేలెత్తి, తర్వాత మడవ వైపు వేలు దించాడు.

"అవ్వల్ షమ్స్. బాదేన్ మాయ్."

మొదట ఎండ. తర్వాత నీళ్ళు.

ఇస్తారికి కళ్ళల్లో నీళ్ళు తిరిగినంత పనైంది. తను చూసింది ఇంకో మనిషి కూడా చూశాడు, అంతే దానికి కారణం. స్లాబు వైపు చూపించి, గడ్డి వైపు చూపించి, చేతులు జోడించాడు. అబ్దుల్ కాసేపు ఆ కప్పు వైపు చూశాడు. పోయినేడు చలికాలం ఆయన కోడలు సఫూరాను పురిటినొప్పుల్లో గాడిదమీద కొండ దింపుతుంటే సగం దారిలోనే పోయింది. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే, సైటువాళ్ళకూ తెలుసు. ముసలాయన గాడిదల్ని మళ్ళించుకుని వెళ్ళి, గంట తిరక్కముందే నాలుగు మోపుల గడ్డి తెచ్చి గోడవారన పడేశాడు.

పొద్దు కొండ వెనక్కి దిగేవేళకు స్లాబు పైభాగం గట్టిపడింది. ఇస్తారి పైన ఒక్కడే ఉన్నాడు. ఖాళీ సిమెంటు కాగితపు సంచులు విప్పి ఒక వరస పరిచాడు. దానిమీద జానెడు మందం గడ్డి. గడ్డిమీద గోనెసంచులు, పొడివి. గాలికి లేవకుండా రాళ్ళు. ఎన్నడూ చెయ్యని పని అది అతని జన్మలో. వేళ్ళు ఊరికే పైపు కోసం వెతుక్కుంటున్నాయి. సాయంత్రం వేళ నీళ్ళ చప్పుడు వినకుండా ఒక్క పొద్దూ గడవలేదు అతనికి. అరచెయ్యి తిప్పి ఒకచోట స్లాబుకు ఆనించాడు. దప్పిగొని ఉంది. ఆ చెయ్యి అబద్ధం చెప్పదు. "ఓర్సుకో," అన్నాడు దానితో. "పొద్దెక్కనియ్యి. కడుపునిండ తాపుత."

ముర్తుజా నిచ్చెన ఎక్కి వచ్చాడు. చేతిలో పైపు కొస.

"అరే, ఏం చేసినవిది? పీకెయ్ మొత్తం! రేపు పొద్దున్నే విమానంలో ఆయన వస్తుండు తెల్సా? గోనె ముట్టుకుంటడు. ఎండి ఉంటే నేనేం చెప్పాలె?"

"ఇస్తారి పొయ్యలే అని చెప్పు."

ముర్తుజా పైపు కొస కిందికి దించాడు. "హౌలేగాడివా మియా? పోసి పాడైతే నీ తప్పు కాదు, కాగజ్ చూపెట్టి నేను మాట్లాడుత. పొయ్యకుంటే తెల్లారి నీ బిస్తర్ కట్టిస్తడు. ఇంటికాడ ఎవరు చూస్తరు?"

ఇస్తారి తల వంచుకుని ఒక గోనె అంచు సరిచేశాడు. ఇంటికాడ లస్మవ్వ ఉంది. తను పంపేదే ఆమెకు ఆధారం. ఇది అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"భాయ్, మొదటిది నాకు తెల్వక పాడుజేసిన. తెలిసినంక గూడ పోస్తె..." అని ఆగాడు. "పసిగుడ్డది. సంపుకుంటమా?"

పైపు కొసనుంచి నాలుగు చుక్కలు పడ్డాయి. ముర్తుజా బొటనవేలు అడ్డం పెట్టి ఆపాడు.

ఉత్తరం మూల ఇంకా ఒక చాప వెడల్పున ఖాళీగా ఉంది, అక్కడ సిమెంటు ఇంకా పూర్తిగా బిగుసుకోలేదు. గాలి కొట్టేది అటునుంచే. గడ్డి అయిపోయింది, సంచులు అయిపోయాయి. ఇస్తారి చుట్టూ చూశాడు. తర్వాత భుజం మీది గొంగడి తీసి, ఒక్కసారి దులిపి, ఆ మూలన పరిచి, తెల్లగీత అంచును స్లాబు అంచుకు సరిగ్గా కలిపి, నాలుగు రాళ్ళు పెట్టాడు.

"నువ్వేం కప్పుకుంటవ్?" అన్నాడు ముర్తుజా.

"లచ్చన్న దుప్పట్ల దూరుత."

లచ్చన్నకు సంగతి తెలిసి, "ఇయ్యాలన్న గొర్రెవాసన లేకుంట పండొచ్చనుకుంటే, గొర్రెల కాపరే దూరవట్టె!" అన్నాడు. అని, దుప్పటి పెద్దసగం ఇటు తోశాడు.

తెల్లవారి ఇస్తారి ఎప్పటిలాగే ముందు లేచి డ్రమ్ములో గడ్డ పగలగొట్టాడు. ముందురోజు కంటే మందంగా కట్టింది. పనయ్యాక గోడ వెనక్కి వెళ్ళాడు. నిన్న సాయంత్రం పైపు విప్పలేదు, చూరు కారలేదు. ఒక్క కాడకూ పువ్వు లేదు. అతనికి సంతోషమైంది. కొంచెం బెంగగా కూడా అనిపించింది.

విమానం ఎనిమిదింటికి దిగింది. ఇంజనీరు నిచ్చెన ఎక్కి, గోనె కింద చెయ్యి పెట్టాడు. చెయ్యి బయటికి తీసి, వేళ్ళు రుద్దుకుని చూసుకున్నాడు. దుమ్ము తప్ప ఏమీ లేదు. ఇంగ్లీషులో రెండు మాటలు అన్నాడు. ఇస్తారికి ఇంగ్లీషు రాదు, ఆ రెండు మాటలకు రావలసిన అవసరమూ లేదు. ముర్తుజా ఏదో చెప్పబోయాడు. ఆయన అప్పటికే దిగుతున్నాడు. విమానం గంటలో వెళ్ళిపోవాలి, గాలి లేవకముందే.

రేకుపెట్టెలో పెట్టుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. రెండు జతల బట్టలు, లస్మవ్వ రాయించిన ఉత్తరాలు, అరిగిపోయిన తాపీ ఒకటి. జేబులో చీలిన కాడ అలాగే ఉంది. లచ్చన్న పెట్టె మోస్తానంటే ఇవ్వలేదు. దారి పొడుగునా లచ్చన్న ఒక్క వేళాకోళమూ ఆడలేదు. విమానం దగ్గర ముర్తుజా నిలబడి ఉన్నాడు.

"మియా, గొంగడి. ఆగు, నేనే పోయి తెస్త."

"వద్దు భాయ్. తియ్యకు." ఇస్తారి పెట్టె కింద పెట్టాడు. అతను అన్నేళ్ళలో అంత పొడుగు మాట మాట్లాడింది అదే కావచ్చు. "మూడు రాత్రులు అట్లనే ఉండనియ్యి. పగలు పొద్దు బాగ ఎక్కినంక గోనె లేపి జరన్ని నీళ్ళు సల్లు, పొద్దు వాలకముందె మళ్ల పొడిగ కప్పు. పొద్దుగూకినంక మాత్రం ఎవ్వలు పొయ్యమన్న పొయ్యకు. ఉత్తరం మూల సలి ఎక్కువ, అక్కడ గొంగడి కదపకు. గంతే. నాకు మాటియ్యి."

ముర్తుజా చెయ్యి చాపాడు. ఇస్తారి తన చెయ్యి అందులో పెట్టాడు. నీళ్ళలో నాని నాని పగుళ్ళుబారిన చెయ్యి, వెనకవైపు మాత్రం మెత్తగా ఉంది.

విమానంలో సిమెంటు సంచులు దింపిన చోట, దుమ్ములో కూర్చున్నాడు. గుండ్రటి అద్దంలోంచి ఒకసారి కొండ కనిపించింది, మెట్ల పొలాలు, గోధుమరంగు గడ్డి కప్పుకున్న చిన్న చదరం, దాని మూలన నల్లటి మచ్చ. గొంగడి ఎక్కడ పోగొట్టుకున్నవు అని లస్మవ్వ అడుగుతుంది. పోగొట్టుకోలే, కప్పిన అని చెప్పాలి. ఏమాట ముందు చెప్పాలో కూడబలుక్కుంటూ ఉండగానే కొండ వెనకబడి, కింద ఎండలో తెల్లటి సముద్రపు ఒడ్డు వచ్చింది.

ఆ సాయంత్రం ముర్తుజా పైపు పట్టుకుని నిచ్చెన మొదట్లో చాలాసేపు నిలబడ్డాడు. జేబులో ఇంజనీరు కాగితం ఉంది. తర్వాత పైపును చుట్ట చుట్టి మేకుకు తగిలించి, చేతులు మఫ్లర్ల కింద పెట్టుకుని రూమ్‌లోకి వెళ్ళిపోయాడు. రెండో సాయంత్రమూ అంతే. మూడోదీ అంతే.

నాలుగో రోజు పొద్దెక్కాక రాళ్ళు తీశారు, గోనెలు తీశారు, గడ్డి ఊడ్చారు. లచ్చన్న సుత్తి తీసుకుని మోకాళ్ళ మీద పాక్కుంటూ అడుగడుక్కీ తట్టాడు. ప్రతిచోటా ఒకటే చప్పుడు, గట్టిగా, నిండుగా, గంటమీద కొట్టినట్టు. ఒక్క పొక్కు లేదు. గడ్డిమోపుల కోసం వచ్చిన అబ్దుల్ కింద నిలబడి ఆ చప్పుడు విన్నాడు, గడ్డి ఇక్కడే ఉంచుకొమ్మని చేత్తో చూపి వెళ్ళిపోయాడు.

చివరగా ఉత్తరం మూల. లచ్చన్న గొంగడి అంచు పట్టుకుని మెల్లగా ఎత్తాడు. దాని అల్లిక మొత్తం సిమెంటులో అచ్చుపడి ఉంది, పడుగూ పేకా, అంచు గీతతో సహా. మూలన ఒక నల్ల ఉన్నిపోగు లోపలే చిక్కుకుని గాలికి కదులుతోంది. లచ్చన్న దాన్ని పీకబోయి ఆగాడు.

"ఉండనియ్," అన్నాడు ముర్తుజా.

నాలుగు రాత్రుల మంచు తాగి గొంగడి బరువెక్కింది. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని పిండబోయి, మనసొప్పక, చూరు అంచున వెదురు మీద ఆరేశారు. ఎండకు దానిమీది మంచు కరిగి, తెల్లగీత అంచునుంచి ఒక్కో చుక్కా జారి, గోడ వెనక ఆ ఎండుకాడల మొదట్లో పడుతోంది.